గొలుసు కథయు జాలసిద్ధాంతమును

హంగెరీ రచయిత ఫ్రిగ్యెష్ కరింతి 1929లో ప్రకటించిన ‘గొలుసు లంకెలు’ అను కథలో ఒక పందెము కలదు. లోకమున నెవ్వరినైనను ఐదుగురు మధ్యవర్తుల ద్వారా చేరవచ్చునని అందలి వాదము. వ్యక్తులను ముడులుగను, పరిచయములను దారములుగను గ్రహించు జాలసిద్ధాంతమునకు ఇది పూర్వసూచనయని పలువురు పేర్కొందురు.

అయితే ఆ మధ్యవర్తులెవరో విచారింపవలసియున్నది. రచయిత్రి సెల్మా లాగర్‌లోఫ్‌ను చేరుటకు స్వీడన్ రాజు, ఫోర్డు కర్మాగారమందలి కార్మికుని చేరుటకు ఫోర్డు లంకెలైరి. గొలుసును కురుచ చేసినది బహుజన పరిచయము గల ఏ కొందరో కాని, అందరును కారు. అంతర్జాలమున క్రొత్త పుటలు పెక్కు లంకెలు గల పుటలకే ముడివడ మొగ్గునని 1999లో బరబాషి, ఆల్బర్టులు ప్రతిపాదించినది ఈ లక్షణమునే.

కథ విస్మరించిన దింకొకటి కలదు. ట్రావర్స్, మిల్‌గ్రామ్‌లు 1969లో ప్రకటించిన ప్రయోగమున 296 మంది ప్రారంభకులకుగాను 64 గొలుసులే బోస్టను ప్రాంతపు గమ్యవ్యక్తిని చేరినవి. చేరినవానికి మధ్యవర్తులు సగటున ఐదుగురే. కావున దారి యుండుట వేరు, దొరకుట వేరు. లోకము చిన్నదని కరింతి చక్కగా గ్రహించెను. కాని కార్మికుని కడకు దారి యజమాని గుమ్మము మీదుగనే యేల పోవలెనని ఆయన ప్రశ్నింపలేదు. కథ ముగిసినచోట విమర్శ ఆరంభింపవలసినది ఈ ప్రశ్నతోనే.