వాన మ్యాచ్‌ను నిలబెట్టే నేల

జోరువానలో 90 నిమిషాలూ హోరాహోరీగా పోరాడి, చెరో గోలుతో సమంగా ముగించిన ఫుట్‌బాల్ మ్యాచ్ గురించి మాట్లాడుకునేటప్పుడు గోల్‌కీపర్‌ను మెచ్చుకుంటాం, డిఫెండర్లను మెచ్చుకుంటాం. ఆ మెప్పు వాళ్లకు దక్కాల్సిందే. అయితే ఆ రోజు రెండు జట్లకూ సమానంగా పనిచేసింది కాళ్ల కింద ఉన్న నేల. దాని పనితనాన్ని అందరికంటే ముందు గుర్తుపట్టగలిగేది గోదావరి జిల్లాల కడియం నర్సరీల వాళ్లేనని నా నమ్మకం. మొక్కకు నీళ్లు పెట్టడం ఎంత ముఖ్యమో, పెట్టిన నీళ్లు బయటికి పోవడమూ అంతే ముఖ్యమన్నది వాళ్లకు రోజువారీ పాఠం.

నేల సహకరించకపోతే ఏమవుతుందో 2012 అక్టోబర్ 16న పోలండ్ రాజధాని వార్సాలో ప్రపంచమంతా చూసింది. పోలండ్, ఇంగ్లండ్ జట్ల మధ్య ప్రపంచకప్ అర్హత మ్యాచ్. ఆ స్టేడియానికి మూసుకునే పైకప్పు ఉంది. కానీ ఆ సాయంత్రం అది తెరిచే ఉంది, వాన కుండపోతగా కురిసింది. ఇటలీ రిఫరీ జాన్‌లూకా రోకీ మైదానంలోకి వెళ్లి బంతిని నేలకు వదిలి చూశారు, దొర్లించి చూశారు. ఎగరాల్సిన బంతి ఎగరలేదు, దొర్లాల్సిన బంతి నీళ్లలో ఆగిపోయింది. మ్యాచ్ మర్నాటికి వాయిదా పడింది. మర్నాడు అదే నేల మీద ఆట 1-1తో ముగిసింది. ఇంగ్లండ్ గోలు రూనీది, పోలండ్ గోలు గ్లిక్‌ది. రెండూ కార్నర్ కిక్ నుంచి గాలిలో వచ్చిన బంతికే పడ్డాయి. ముందురోజు తడిసి ముద్దయిన మైదానం మీద రెండు జట్లకూ గోలు దారి ఆకాశంలోనే దొరికిందన్న మాట.

అంతకంటే పాత ఉదాహరణ 1974 జూలై 3న ఫ్రాంక్‌ఫర్ట్‌లో జరిగిన మ్యాచ్. ప్రపంచకప్ ఫైనల్ చేరడానికి పశ్చిమ జర్మనీకి డ్రా చాలు, పోలండ్‌కు గెలుపు కావాలి. వానకు మైదానం చెరువైతే అగ్నిమాపక దళం పంపులు పెట్టి నీళ్లు తోడింది. నేల మీద వేగంగా పాస్‌లిచ్చి దూసుకెళ్లడమే పోలండ్ బలం. ఆ బలాన్ని నీటి మడుగులు మింగేశాయి. 76వ నిమిషంలో గెర్డ్ ముల్లర్ కొట్టిన గోలుతో జర్మనీ గెలిచింది. మంచి నేల మీద ఆ మ్యాచ్ ఎలా ముగిసి ఉండేదోనని పోలండ్ అభిమానులు ఇప్పటికీ తలుచుకుంటారు.

ఒక లెక్క చూద్దాం. అంతర్జాతీయ మైదానం సాధారణంగా 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు, అంటే 7,140 చదరపు మీటర్లు. దాని మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే 7,140 లీటర్ల నీరు. గంటలో 50 మిల్లీమీటర్లు కురిస్తే 3,57,000 లీటర్లు. ఇదంతా ఎవరి కంటా పడకుండా, ఆట ఆగకుండా కిందికి దిగిపోవాలి.

ఆ నీరు ఎలా దిగుతుందో పైనుంచి మొదలుపెట్టి చూద్దాం. పైన గడ్డి ఉంటుంది. వేడి దేశాల స్టేడియంలు బెర్ముడా గ్రాస్ అని పిలిచేది మన గరికనే. చవితి నాడు వినాయకుడికి పెట్టేదీ, పొలంలో రైతు ఎంత పీకినా మళ్లీ మొలిచేదీ ఆ గరికే. రైతును విసిగించే ఆ గుణమే ఆటకు వరం. గరిక రెండు అంతస్తుల్లో పాకుతుంది. నేల మీద తీగ సాగుతుంది, నేల లోపల మరో కాండం సాగుతుంది. తీగ నేలకు తగిలిన కణుపు దగ్గరల్లా వేరు దిగుతుంది. తడినేలలో ఆటగాడి బూటు కింది మేకులు ఒక ముక్కను చీల్చినా, చుట్టూ ఉన్న కణుపులు ఆ ఖాళీని అల్లుకుపోతాయి. లోపలి కాండాలూ వేళ్లూ కలిసి వల పన్నినట్టు ఇసుకను పట్టి ఉంచుతాయి. ఆ పట్టు లేకపోతే పరుగెత్తే ఆటగాడు ఒక్కసారిగా పక్కకు తిరిగినప్పుడు నేల అతని కాలితోపాటే జారిపోతుంది.

స్టేడియంలలో పేరుబడిన టిఫ్‌వే 419 రకం ఈ గరికకూ ఆఫ్రికా గరికకూ పుట్టిన సంకరం. అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని టిఫ్టన్‌లో తయారై 1960లో విడుదలైంది. అది మొలకెత్తే విత్తనం ఇవ్వదు. కణుపుల ముక్కలు నాటో, పలకలుగా కోసి పరిచో పెంచాల్సిందే. అంటే ప్రపంచంలో పేరున్న ఆట గడ్డి ఒకటి పూర్తిగా నర్సరీ చేతిపని మీద బతుకుతోంది. కడియం, కడియపులంక, బుర్రిలంక, వేమగిరి చుట్టుపక్కల లాన్ పలకలు కోసి లారీలకెత్తే కూలీల చేతుల్లో ఆ ఒడుపు ఉంది. పలక మందం ఎక్కడా తేడా రాకూడదు, వేరు తెగిపోకూడదు, మట్టి రాలిపోకూడదు.

అయితే ఇక్కడే ఒక చిక్కుంది, మైదానాలు వేసేవాళ్లు చాలామంది పొరపాటుపడేదీ ఇక్కడే. జిగటమట్టిలో పెరిగిన పలకను తెచ్చి కడిగిన ఇసుక మీద పరిస్తే, పలకతో వచ్చిన వేలెడు మట్టి మూతలా కూర్చుంటుంది. కింద ఎంత మంచి ఇసుకున్నా నీరు ఆ మూత దాటి దిగదు. అందుకే ఆట మైదానాలకు ఇసుకలోనే పెంచిన పలక కావాలి, లేదా వేళ్లకున్న మట్టిని నీటితో కడిగేసిన పలక కావాలి.

గడ్డి కింద ఉండేది దాదాపు 30 సెంటీమీటర్ల ఇసుక పొర. ఏ ఇసుక పడితే ఆ ఇసుక పనికిరాదు. రేణువుల్లో ఎక్కువ భాగం పావు మిల్లీమీటరుకూ ఒక మిల్లీమీటరుకూ మధ్య ఉండాలి, వీలైనంత ఒకే సైజులో ఉండాలి. కాంక్రీటు కలిపే మేస్త్రీకి చిన్నా పెద్దా కలిసిన రాయీ ఇసుకా కావాలి, పెద్దవాటి సందుల్లో చిన్నవి దూరి గట్టిపడాలి. మైదానం వేసే మేస్త్రీకి సరిగ్గా దీనికి వ్యతిరేకం కావాలి, ఆ సందులు ఖాళీగా మిగలాలి. జిగటమట్టిలో కాస్త ఇసుక కలిపితే చాలనుకోవడమూ తప్పే. కొద్దిపాటి ఇసుక కలిసిన బంకమట్టి ఎండితే ఇటుకలా బిగుస్తుంది.

ఇసుక కింద 10 సెంటీమీటర్ల గులకరాళ్ల పొర ఉంటుంది. ఈ అమరిక గోల్ఫ్ నుంచి వచ్చింది, అమెరికా గోల్ఫ్ సంఘం దీన్ని 1960లో ప్రచురించింది. నన్ను ఎక్కువగా ఆశ్చర్యపరిచేది ఈ రెండు పొరలూ కలిసేచోటు జరిగే పని. ఇసుకలో దిగిన నీరు గులకరాళ్ల దాకా వచ్చి వెంటనే కింద పడిపోదు. సన్నని సందులు నీటిని పట్టి లాగుతాయి, పెద్ద సందులకు ఆ పట్టు ఉండదు. అందువల్ల ఇసుక అడుగున నీరు కొంతమేర నిలబడి ఉంటుంది. నర్సరీ సంచిని చీల్చి చూడండి. అడుగున చిల్లులున్నా, పైమట్టి పొడిబారినా, కింద రెండంగుళాలు తేమగా ఉంటుంది. ఇదీ అదే. మామూలు రోజుల్లో ఆ తేమే గడ్డి వేళ్లను బతికిస్తుంది. వాన ముంచెత్తినప్పుడు పైనుంచి వచ్చే నీటి బరువు ఆ పట్టును మించుతుంది, అంతటితో నీరు గులకరాళ్లలోకి జారిపోతుంది. ఒకే పొర ఎండలో నీటిని దాస్తుంది, వానలో వదిలేస్తుంది. మధ్యలో తిప్పాల్సిన కుళాయి లేదు, కాపలా మనిషి లేడు. ఆ సంఘం కొలత ప్రకారం ఇలాంటి పొర గంటకు కనీసం 150 మిల్లీమీటర్ల నీటిని దింపగలగాలి. అంత ఎక్కువ ఎందుకంటే ఏళ్ల తరబడి తొక్కుడుకూ, చచ్చిన వేళ్లు పేరుకోవడానికీ ఆ వేగం తగ్గుతూ పోతుంది. ఆ తరుగును మొదటే లెక్కలో కలుపుకున్నారు.

గులకరాళ్ల కింద కందకాల్లో చిల్లుల గొట్టాలుంటాయి. నడిమి గొట్టానికి రెండువైపులా పిల్లగొట్టాలు ఏటవాలుగా వచ్చి కలుస్తాయి. గోదావరి డెల్టా మనుషులకు ఇది కొత్త విషయం కాదు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయ్యాక కాలువలు ఈ నేలకు ప్రాణం పోశాయి, మురుగు డ్రెయిన్లు ఆ ప్రాణాన్ని నిలబెట్టాయి.

నేల తన పని చేస్తే మిగతాది బంతిదీ మనిషిదీ. నియమాల ప్రకారం బంతి బరువు 410 నుంచి 450 గ్రాములు. పాతకాలపు తోలు బంతి వానలో నీళ్లు పీల్చి బరువెక్కేది, తలతో కొట్టేవాడి మెడ అదిరిపోయేది. ఇప్పటి బంతిని నీళ్లలో పెట్టి 250 సార్లు నొక్కి, తర్వాత తూకం వేస్తారు. తడినేల మీద బంతి అనుకున్న దానికన్నా వేగంగా జారి వస్తుంది. కీపర్ చేతులతో సరిపెట్టుకోకుండా ఒంటిని కూడా బంతి వెనక్కి తెస్తాడు, పట్టు దొరకకపోతే ఎదురుగా కాకుండా పక్కకు తోసేస్తాడు.

ఇలాంటి తడినేల మీద మన హైదరాబాద్ కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీమ్ పాఠాల విలువ ఇంకా బాగా తెలుస్తుంది. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆయన శిక్షణలోనే భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం సాధించింది. కుర్రాళ్లకు ఆయన బలహీనమైన కాలితోనే ఆడాల్సిన పోటీలు, బంతిని లాక్కుంటూ పోకుండా పాస్‌లే ఇవ్వాల్సిన పోటీలు పెట్టేవారు. బురదలో ఒకే కాలిని నమ్ముకున్నవాడు బంతిని ఆ కాలి వైపు తెచ్చుకోవడానికి అదనంగా ఒక అడుగు వేయాలి, జారేది ఆ అడుగులోనే.

గోదావరి జిల్లాల్లోని పాఠశాలలకూ పంచాయతీలకూ నా విన్నపం ఒక్కటే. ఇసుక పొరా గొట్టాలూ పెట్టే స్తోమత లేకపోయినా సరే, మైదానం నడిమి గీత నుంచి రెండు పక్కలకూ నూటికి ఒక వంతు వాలు ఇవ్వండి. 68 మీటర్ల వెడల్పుకు నడుమ 34 సెంటీమీటర్ల ఎత్తు చాలు. అంచుల్లో ఒక డ్రెయిన్ తవ్వండి, గరిక నాటండి. గ్యాలరీ తర్వాత కట్టుకోవచ్చు.