మాయల ఫకీరు ఏ ముద్రణలో పుట్టాడు?

పాత పుస్తకాలు ఏరుకునేవాడికి మన దగ్గర రెండే పేర్లు. డబ్బున్నవాడైతే అభిరుచి గల మనిషి, లేనివాడైతే పిచ్చోడు. నాకు మూడోది తగిలింది. బెజవాడ లెనిన్ సెంటర్లో ఒక పాత పుస్తకాల కొట్టు ముందు గొంతుక్కూర్చుని, అట్టలూడిన చందమామల కట్టలో నెలలు సరిచూసుకుంటున్నాను. మధ్యలో ఇంటి నుంచి ఫోనొస్తే ఉర్దూలో నాలుగు మాటలు మాట్లాడి పెట్టేశాను. కొట్టాయన మర్యాదగానే అడిగాడు: "సాయిబు గారూ, మీకెందుకండీ ఇవి? మీ పిల్లలు తెలుగు చదువుతారా?"

ఇరవై ఏళ్లకు పైగా తెలుగు రాసి బతుకుతున్నవాణ్ని. ఆ మాటే చెప్పాను. "అయ్యో, అలాగాండీ" అని టీ తెప్పించాడు. అతని మీద నాకు కోపం లేదు. కానీ "మీకెందుకండీ" అన్న మాట మాత్రం ఆ కట్టతో పాటు ఇంటికొచ్చింది. చందమామ ఎవరి బాల్యం? "మన బాల్యం" అని ఆదివారం అనుబంధాల్లో రాసుకునే ఆ "మన"లో వించిపేట కుర్రాడు ఉన్నాడా, లేడా?

తొలి ముద్రణల మోజు ఇంగ్లీషువాళ్లది. అక్కడ దాని లెక్కే వేరు. హారీ పోటర్ మొదటి పుస్తకం 1997లో గట్టి అట్టతో అచ్చయింది 500 ప్రతులే. అందులో ఒకటి 2021 డిసెంబర్ వేలంలో 4 లక్షల 71 వేల డాలర్లకు పోయింది. మన దగ్గర అంత సొమ్ము లేదు గానీ ఆనవాలు మాత్రం తేలిక. లోపలి అట్ట వెనక "ప్రథమ ముద్రణ" అని నెల, సంవత్సరం, కింద "ప్రతులు: 1000" అని, ఆ కింద వెల. ఎన్ని అచ్చేశామో దాచకుండా చెప్పుకోవడం తెలుగు ప్రచురణలో నాకు నచ్చిన నిజాయితీల్లో ఒకటి.

చిక్కెక్కడంటే, పన్నెండు పదిహేనేళ్ల పిల్లలకి మన భాషలో సాహసాలూ మాయలూ పుస్తకాలుగా పుట్టలేదు. నెలనెలా సీరియల్‌గా పుట్టాయి. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి మద్రాసులో మొదలుపెట్టిన చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి "తోకచుక్క" 1954లో మొదలైంది. ఆ తర్వాత మకరదేవత, కంచుకోట, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, యక్షపర్వతం... కృష్ణా డెల్టాలో ఏ పాత ఇంటి అటక మీద చూసినా సీరియల్ పేజీలు చించి, సూదీదారంతో కుట్టి, క్యాలెండర్ అట్ట వేసిన కట్ట ఒకటి దొరుకుతుంది. మన తొలి ముద్రణ అదే. వేలంవాళ్లు దాన్ని చూస్తే చెడిపోయిన సరుకంటారు. పిల్లల పుస్తకం చెడిపోకుండా మిగిలిందంటే ఎవరూ చదవలేదనే కదా!

ఇంకో సంగతి. ఆ తొలి ముద్రణలో రచయిత పేరు లేదు. తెలుగు పిల్లలు దశాబ్దాల పాటు ఊపిరి బిగబట్టి చదివిన ఆ కథల మీద దాసరి పేరు వేయలేదు. ఆయన ఎవరో పాఠకులకి ఆలస్యంగా తెలిసింది. 2010లో బెజవాడలోనే కన్నుమూశారు. పుస్తకాలుగా వచ్చి, అట్ట మీద పేరు పడే వేళకి, ఆయన కథలు చదివి పెరిగినవాళ్లు తాతలయ్యారు. అందుకే తర్వాతి ముద్రణలో ఆయన ఉన్నాడు, మొదటి ముద్రణలో లేడు. సేకరణకారుల సూత్రం ఇక్కడ తిరగబడింది.

నేను చందమామలు కొనడం మొదలుపెట్టింది దాసరి కోసం కాదు. ఒక నేరస్తుణ్ని వెతుక్కుంటూ వెళ్లాను. మాయల ఫకీరు. బళ్లో చదివే రోజుల్లో మా దాదాకి పొడుగు గడ్డం, చేతిలో తస్బీ. ఒకరోజు అన్నం క్యారేజీ ఇవ్వడానికి బడి దాకా వచ్చాడు. మర్నాటి నుంచి నేను "మాయల ఫకీరు మనవడి"నయ్యాను. "ఒరేయ్, మీ తాత ప్రాణం ఏ చిలకలో ఉందిరా?" అని మధ్యాహ్నం బెల్లు కొట్టినప్పుడల్లా అడిగేవాళ్లు. వాళ్లూ పిల్లలే. కానీ ఆ ఫకీరు వాళ్లకి ఎక్కడ దొరికాడు? ఎవరు రాశారు, ఎవరు బొమ్మ గీశారు? పెద్దయ్యాక పాత పుస్తకాల మధ్య నేను వెతికింది దీన్నే.

వెతికితే తేలిందేమిటి? బాలనాగమ్మ కథకి తొలి ముద్రణ అంటూ లేదు. అది బుర్రకథ, తోలుబొమ్మలాట, నాటకం, తిరునాళ్లలో అమ్మే చవక పుస్తకం. ఎవరు పాడితే వారిది. ఇంకా విచిత్రం, దుర్మార్గుడు కూడా ఒక్కడు కాదు. 1942లో జెమినీ వాళ్లు తీసిన "బాలనాగమ్మ"లో గోవిందరాజుల సుబ్బారావు వేసింది మాయల మరాఠీ వేషం. అదే చిలక, అదే ప్రాణం, అదే ఏడు సముద్రాలు. ఒకచోట ఫకీరు, ఒకచోట మరాఠీ. జనానికి ఎవరంటే దడ ఉంటే వాడి బట్టలు ఆ మాంత్రికుడికి తొడిగారన్నమాట. మరాఠీ భయం పోయింది. ఇవాళ ఏ మరాఠీ కుర్రాణ్నీ తెలుగు బళ్లో ఆ పేరుతో ఏడిపించరు. ఫకీరు మాత్రం సామెతలో ఉండిపోయాడు.

ఇందులో ఒక తమాషా ఉంది. డెల్టా పల్లెల్లో గురువారం పూట ఫకీరు ఊదు పొగ పట్టుకుని, నెమలీకల కట్టతో వస్తే, చంటిపిల్లల్ని ఎత్తుకుని ముందుగా వచ్చేది హిందూ తల్లులు. నమాజు అయ్యాక మసీదు గుమ్మంలో పిల్లల మొహాన ఊదించుకోవడానికి నిలబడేదీ వాళ్లే. పొద్దున ఫకీరు చేత దిష్టి తీయించిన తల్లే రాత్రి అదే పిల్లాడికి మాయల ఫకీరు కథ చెప్పి నిద్రపుచ్చేది. దీన్ని ద్వేషం అని ఒక్క మాటలో తేల్చేయలేను. ప్రేమ అని నమ్మి ఊరుకోనూలేను.

సరే, చందమామలో ఫకీరు ఎక్కడ? దాసరి సీరియళ్లు దొరికినంత మేర పేజీ పేజీ తిప్పాను. లేడు. తోకచుక్కలో ఏకాక్షి, చతుర్నేత్రుడు ఉన్నారు. వాళ్లకి మతం లేదు. "చిత్రా" గీసిన మాంత్రికులు జడలతో, ఎముకలతో, పుర్రెలతో ఉంటారు. టోపీ లేదు, తస్బీ లేదు. బాల్యమంతా నేను అనుమానించిన పత్రిక ఈ కేసులో నిర్దోషి అని తేలింది. సంతోషించాను.

ఆ సంతోషం ఎక్కువ కాలం నిలవలేదు. డెల్టాలోనే ఒక ఊళ్లో, ఈ సేకరణలో తలపండిన పెద్దమనిషి ఇంటికి వెళ్లాను. నిలువు బీరువాల నిండా చందమామలు, ఏ పేజీ ఎక్కడుందో ఆయనకి కంఠతా. నాకు లేని నెలల్ని జిరాక్స్ తీసుకోమని ఇచ్చిన ఉదారుడు. ఒక బొమ్మ చూపిస్తూ, "ఈ మాంత్రికుడి కళ్లు చూడండి, అచ్చం మాయల ఫకీ..." అని ఆగిపోయాడు. నేను కిందికి చూశాను. ఆయన కాఫీ చల్లారిపోతోందన్నాడు. బొమ్మలో ఫకీరు లేడు. చూసే కళ్లలో ఉన్నాడు. దాసరి, చిత్రా కలిసి తీసేసినవాణ్ని పాఠకుడు మళ్లీ తెచ్చి కూచోబెట్టుకున్నాడు.

ఇక్కడే మా అభ్యుదయ మిత్రులతో నా పేచీ. చందమామను నడిపినవాళ్లలో కొడవటిగంటి కుటుంబరావు గారు మార్క్సిస్టు. 1952 నుంచి 1980లో పోయేదాకా ఆ పత్రికలోనే ఉన్నారు. పిల్లల బుర్రలోకి మతద్వేషం ఎక్కకూడదన్న పట్టింపు వాళ్లకి ఉంది. అందుకు షుక్రియా. కానీ వాళ్లు చేసిందేమిటి? మమ్మల్ని తిట్టే పాత్రను తీసేశారు, దాని జాగాలో మమ్మల్ని పెట్టలేదు. చందమామలో ముస్లిం లేడా అంటే ఉన్నాడు. బాగ్దాద్‌లో ఖలీఫాగా ఉన్నాడు, ఢిల్లీలో అక్బరుగా ఉన్నాడు. పంజా సెంటర్లో లేడు. కథకి ఒక రామాపురం, ఒక సీతాపురం కావాల్సి వచ్చినప్పుడల్లా దొరికాయి గానీ ఒక ఇబ్రహీంపట్నం దొరకలేదు. అది కొండపల్లి పక్కనే, బెజవాడకి కూతవేటు దూరంలో ఉంది. మచిలీపట్నం గోల్కొండ సుల్తానుల రేవు. పారశీక వర్తకులు దిగిన చోటు. ఆ ఓడల్లోంచి బట్టలూ గుర్రాలే దిగి, కథలు దిగలేదంటే ఎలా నమ్మేది? బాగ్దాద్ దాకా పోనక్కర్లేదు, బందరు దాకా వస్తే చాలు.

కించపరచకపోవడం ఒకటి, చోటివ్వడం ఇంకొకటి. మన సెక్యులరిజం చాలాకాలం మొదటి మెట్టు మీదే ఆగిపోయింది.

ఇంత అన్నాక మా ఇంటి రెండో అర గురించి కూడా చెప్పకపోతే అన్యాయం. అబ్బా దాచుకున్న ఉర్దూ "ఖిలౌనా" సంచికలు, ఇబ్నే సఫీ జాసూసీ నవలలు, నానీ నోట విన్న తిలిస్మె హోష్‌రుబా. లక్నోలో మున్షీ నవల్ కిశోర్ అనే హిందువు ప్రెస్సులో 1883 నుంచి అచ్చయిన దాస్తాన్ అది. ముహమ్మద్ హుసేన్ జాహ్ మొదలుపెడితే అహ్మద్ హుసేన్ ఖమర్ పూర్తి చేశాడు. అమీర్ హమ్జా దాస్తాన్ మొత్తం 46 సంపుటాలు. వాటన్నిటినీ కూడబెట్టి, చదివి, దాని మీద విమర్శ రాసిన మనిషి షమ్సుర్రహ్మాన్ ఫారూఖీ. సేకరణ అంటే అదీ. మరి ఆ దాస్తాన్లో దుర్మార్గపు మాంత్రికులెవరు? సామిరీనీ జంషీద్‌నీ కొలిచే కాఫిర్లు. ఓడినవాడు కలిమా చదివితే బతుకుతాడు, లేదంటే చస్తాడు. అఫ్రాసియాబ్ చచ్చినప్పుడు నేనూ చప్పట్లు కొట్టాను. నా క్లాసులో పక్క బెంచీవాడి తాత ఆ కథలో ఏ పక్షాన ఉంటాడో ఆలోచించానా? లేదు. మాయల ఫకీరు మీద ఎత్తిన వేలు ఈ అర వైపు కూడా తిరగాల్సిందే. మా ఉర్దూ పెద్దలకి ఈ మాట నచ్చదని తెలుసు.

ఆ అర ఇప్పుడు లేదు. ఇల్లు పంచుకున్నప్పుడు ఖిలౌనాలు తూకానికి పోయాయి. చందమామకి బెజవాడలో బేరం ఉంది. ఉర్దూ పిల్లల పత్రికకి తూకమే ఉంది.

దీనికి బయటి ప్రపంచంలో ఒక తోడు దొరికింది. అమెరికా రచయిత్రి ఉర్సులా లెగ్విన్ 1968లో "ఎర్త్‌సీ" మాంత్రికుడి మొదటి నవల రాసింది. నాయకుడు గెడ్ రాగి రంగు చర్మం ఉన్న కుర్రాడు. రూత్ రాబిన్స్ వేసిన తొలి ముద్రణ అట్ట ఆ మాటకి కట్టుబడి ఉంది. తర్వాతి ముద్రణల్లో ప్రచురణకర్తలు అట్టల మీద అతన్ని తెల్లవాణ్ని చేశారు. ఆవిడ ఏళ్ల తరబడి మొత్తుకుంది. అక్కడ తొలి ముద్రణ సాక్ష్యం. నల్లపిల్లాడు ముందు నుంచీ ఉన్నాడని చెబుతుంది. మనకి అలాంటి సాక్ష్యం కూడా లేదు, తెలుపు పూయడానికి ముందసలు బొమ్మే వేయలేదు.

నిజం చెప్పాలంటే తెలుగు అక్షరాల్లో మా ఇంటి పేరు లాంటి పేరు నాకు మొదట కనిపించింది మాస్కోలో అచ్చయిన పుస్తకంలో. ఏలూరు రోడ్డు విశాలాంధ్రలో కొన్నిచ్చిన చింగీజ్ ఐత్మాతోవ్ "జమీల్యా". మా ఖాలా పేరు జమీలా. ఎక్కడో కిర్గిజ్ కొండల్లో మా ఖాలా! అదీ సైన్స్ కథ కాదు, మాయల కథ కాదు. నాకు మాత్రం అంతకన్నా పెద్ద అద్భుతం ఆ వయసులో తగల్లేదు.

తర్వాత మేమే రాసుకున్నాం. 1991లో ఖాదర్ మొహియుద్దీన్ "పుట్టుమచ్చ", 1998లో "జల్జలా", ఆ మరుసటేడు ఖదీర్ బాబు "దర్గామిట్ట కతలు", 2004లో "వతన్". వీటి మొదటి ముద్రణల్ని ఎవరైనా భద్రం చేస్తున్నారా అని అడిగితే చందమామ సేకరణకారులు నవ్వుతారు. వయసు చాలదంటారు. వయసు కాదు, వెల చాలదు. నేను దాస్తున్నాను. కానీ నా అరలో ఒక వరస ఖాళీగా ఉంది. మేం రాసిందంతా గాయాల కథ, ఆకలి కథ, అవమానాల కథ. రాయాల్సిందే. అయితే పీర్ల పండగ నాడు పంజా ఎత్తుకున్న పిల్లాడు గాల్లోకి లేచి కృష్ణ దాటి వెళ్లే నవల ఏదీ? పన్నెండేళ్ల నా కూతురు అడిగింది దాన్నే. నేను జల్జలా చేతికిచ్చాను. నాలుగు పేజీలు తిప్పి, "అబ్బా, ఇందులో అందరూ ఏడుస్తున్నారు" అని మళ్లీ తోకచుక్క తీసుకుంది. ఆమె మాటకి నా దగ్గర జవాబు లేదు. మా విమర్శకుల దగ్గరా లేదు.

ఆ రోజు లెనిన్ సెంటర్లో కొన్న కట్ట ఇంటికొచ్చాక విప్పాను. యాభైల్లోని ఒక సంచిక లోపలి పేజీ మీద, పైమూల, పెన్సిలుతో ఉర్దూలో ఒక పేరు. పసి రాత. కింద "వించిపేట, బెజవాడ" అని. లోపల సీరియల్ పేజీల అంచుల్లో కష్టమైన తెలుగు మాటల పక్కన చిన్నచిన్న ఉర్దూ అర్థాలు. డెబ్భై ఏళ్ల కిందట ఒక కుర్రాడు రెండు లిపుల మధ్య కూర్చుని ఏకాక్షితో కుస్తీ పట్టాడు.

బేరమాడేటప్పుడు ఆ గీతలు చూపించి కొట్టాయనే అన్నాడు: "ఎవడో ఏదో గిలికాడండీ, దీనికి ఒక యాభై తగ్గించి ఇవ్వండి."