మరల మరల ఓడ యెక్కువారు

విసుగును గూర్చి విసుగు పుట్టకుండ వ్రాయుట సులభమైన పని కాదు. అట్టి పనికి పూనుకొన్నవారిలో ఇరువురు అమెరికను రచయితలను ఈ వ్యాసమున పరిశీలింప దలచితిమి. మార్క్ ట్వేన్ 1867లో 'క్వేకర్ సిటీ' యను పొగయోడ నెక్కి మధ్యధరా సముద్రతీరములను జూచి వచ్చి, 1869లో 'ది ఇన్నోసెంట్స్ అబ్రాడ్' అను గ్రంథమును ప్రకటించెను. డేవిడ్ ఫాస్టర్ వాలెస్ 1995 మార్చిలో కరీబియన్ సముద్రమున ఏడు రాత్రుల విహారము చేసి, 1996లో హార్పర్స్ పత్రికకు ఒక దీర్ఘవ్యాసము వ్రాసెను. అదియే పెరిగి, మరుసటి యేట వెలువడిన 'ఎ సపోజెడ్లీ ఫన్ థింగ్ ఐల్ నెవర్ డూ అగైన్' అను సంపుటమునకు పేరిచ్చినది. వినోదమని చెప్పబడునది గాని తాను మరల ఎన్నడును చేయబోనిది అని ఆ పేరునకు స్థూలమైన అర్థము.

ఈ రెండు ప్రయాణముల నడుమ 128 ఏండ్లు గడచినవి. వస్తువు మాత్రము ఒక్కటే: పని యేమియు లేక ఒక ఓడలో కూడియున్న జనము. నేడు క్రూయిజు అని అందరును పిలుచు విహారనౌక, మనలను ఒక యూరినుండి మరియొక యూరికి జేర్చునది కాదు. బయలుదేరిన రేవునకే తిరిగి తెచ్చి దింపునది. ఒకసారి యెక్కినవారికి అది స్వర్గము. పదిసార్లు, ఇరువదిసార్లు ఎక్కినవారి మాట వేరు. అదే భోజనపట్టిక, అదే పాటకచ్చేరి, అదే హాస్యగాడు, రేవున దిగినచో అదే నగల దుకాణము అని వారు గొణుగుదురు. గొణుగుచునే తరువాతి యాత్రకు టిక్కెట్టు కొందురు. ఈ చిక్కును విప్పిన గ్రంథమేదియని మేము వెదకితిమి.

మన సంచికలో ఈ విషయమునకు చోటేమని కొందరు అడుగవచ్చును. విదేశములందున్న మన పిల్లలు తలిదండ్రులను పిలిపించుకొన్నప్పుడు ఒక వారము ఓడలో త్రిప్పి పంపుట ఇప్పుడు క్రొత్త సంగతి కాదు. 2021 సెప్టెంబరునుండి బొంబాయి రేవులో కార్డీలియా సంస్థవారి 'ఎంప్రెస్' నడచినది. 2022 జూనులో అది చెన్నపట్టణమునకును విశాఖకును వచ్చినది. 1990లో 'నార్డిక్ ఎంప్రెస్' అను పేర అమెరికా జలములలో విహారమారంభించిన ఓడయే అది. గోపాలపురము, కళింగపట్నము, కాకినాడ రేవులలో డెక్కు టిక్కెట్టు కొని, మూటపై తల యుంచుకొని రంగూను పోయిన మన పెద్దలకు, ఓడలో తోచకుండుట యన్నది దొరల రోగముగా కనబడియుండును.

ట్వేన్ గ్రంథమున నాలుగవ అధ్యాయము ఓడలోని దినచర్యను గూర్చినది. యాత్రికులు మనిషికి 1,250 డాలర్లు చెల్లించినవారు. ఎక్కువమంది వయస్సు మీరినవారు. ప్రతి సాయంకాలమును ప్రార్థన, పిమ్మట డామినోలు. డెక్కుపై నాట్యము చేయబోయినచో ఓడ ఒరిగినప్పుడెల్ల జంటలన్నియు ఒక ప్రక్కకు జారిపోవును. ఉత్తుత్తి న్యాయస్థానమొకటి పెట్టి, కోటు దొంగిలించినాడని ఓడలోని ఉద్యోగి నొకని విచారించిరి. అందరును దినచర్య పుస్తకములు ఘనముగా ఆరంభించిరి. కొన్ని దినములలోనే ఒక్కరొక్కరుగా మానిరి. ఈ డైరీల కథ యంత చక్కగా విసుగు యొక్క పుట్టుకను జూపిన ఘట్టము హాస్యవాఙ్మయమున అరుదు. మొదటి దినమున పేజీలకు పేజీలు; తరువాత 'నిన్నటివలెనే' యని వ్రాయుటకు గూడ చేయి రాదు.

అయినను ట్వేన్ విసుగునకు ఒక అదృష్టము కలదు. ఆ ఓడకు ఏర్పాటు తక్కువ, అడ్డంకులు ఎక్కువ. ఏథెన్సు రేవున అంటువ్యాధి భయముచేత ఎవ్వరిని దిగనీయలేదు. ట్వేన్ మరి ముగ్గురితో గూడి, రాత్రి రహస్యముగా ఒడ్డు జేరి, వెన్నెలలో ఆక్రోపోలిసు నెక్కివచ్చెను. గ్రంథమున మిక్కిలి సుందరమైన భాగములలో అది యొకటి. కరపత్రమున లేని రాత్రి గనుకనే అది అట్లు జ్ఞాపకముండిపోయినది. వింతలు మితిమీరి యెదురైనప్పుడును అతడు ఊరకుండలేదు. ఇటలీలో ప్రతి గోడయు మైకెలాంజిలో కృతియే యని వినివిని, ఆ మహాశిల్పి చనిపోయినాడని తెలిసినప్పుడు కలిగిన ఊరటను చెప్పుకొనును. జెనోవాలో కొలంబసు విగ్రహమును జూపి ఉప్పొంగుచున్న మార్గదర్శిని, ఇతడు చనిపోయెనా యని మిత్రులు అమాయకముగా అడుగుదురు. విసుగు ఇచ్చట నలుగురు స్నేహితుల చేతిలో ఆటవస్తువైనది.

వాలెస్ చేతిలో అది ఆటవస్తువు కాదు. అతడెక్కిన ఓడ పేరు 'జెనిత్', అనగా ఆకాశమున నడినెత్తి బిందువు. అతడు దానిని 'నాడిర్' అని మార్చెను. అది పాదములకు క్రిందనుండు బిందువు. ఈ కొంటెతనము చవుకబారుది, కాని వ్యాసము చవుకబారుది కాదు. అందులో మేము మరువలేని దొకటి కలదు. గది విడిచి అరగంటకు మించి వెలుపలనున్నచో, తిరిగి వచ్చునప్పటికి పరిచారిక దానిని శుభ్రము చేసి పోయియుండును. కొద్ది నిమిషములలో వచ్చినచో ఏమియు జరిగియుండదు. తాను ఎంతసేపటికి వచ్చునో ఆమె కెట్లు తెలియును? అతడు నడవాలో పొంచి చూచెను, వేళలు మార్చి పరీక్షించెను, రహస్యము తెలియలేదు. ఇంతటి సేవ మొదట ఆశ్చర్యము, తరువాత అలవాటు, ఆపైన ఫిర్యాదు. మెక్సికో తీరమున కోజుమెల్ రేవులో ప్రక్కన నిలిచిన 'డ్రీమ్‌వార్డ్' అను మరియొక ఓడ తన ఓడకంటె తెల్లగా, సుఖముగా కనబడి అతనికి అసూయ పుట్టినది. మనిషిలో ఎన్నటికిని చాలుననని పసిబిడ్డ యొకడు కలడనియు, నీ కోరికలన్నియు తీర్చెదమన్న వాగ్దానము వానికే చేయబడుచున్నదనియు అతని సిద్ధాంతము. మరల మరల ఓడ యెక్కువారి విసుగునకు ఇంతకంటె లోతైన వివరణము మేము చదువలేదు.

అదే వ్యాసమున ఒక పడుచు కలదు. ఏటేట తాత అవ్వలతో విలాసయాత్ర చేయునది. గురువారము తన పుట్టినరోజని వడ్డించువారితో ప్రతి యాత్రలోను అబద్ధమాడును. కేకు, బుడగ, సిబ్బంది వలయముగా నిలిచి పాడు పాట ఆమెకు లభించును. నిజమైన పుట్టినరోజు జూలైలో. వాలెస్ దీనిని గారాబముచేత చెడిన పిల్లచేష్టగా జూపి నవ్వించెను. ఇచ్చటనే మాకు అతనితో పేచీ. ఎరిగిన ఓడలో, ఎరిగిన భోజనమునకు, ఏదియు క్రొత్తగా జరుగదని తెలిసిన పిల్ల, తానే ఒక సంఘటనను కల్పించుకొనుచున్నది. ఆ బల్లయొద్ద నిజముగా కళాకారుని పని చేసినది ఆమె యొక్కతియే. ఆమెను ఒక్కమాట అడిగి తెలిసికొనుటకు వాలెస్ ఓపిక పట్టలేదు. అతనిది ఒకే ప్రయాణము. పేరులోనే మరల పోనని ఒట్టు పెట్టుకొన్నవాడు, మరల పోవువారి మనస్సును వెలుపలినుండియే చూడగలడు.

స్వభావమును చెప్పుటలో అంత నిపుణుడైన వాలెస్ కారణముల జోలికి అంతగా పోడు. అవి చాలవరకు లౌకికమైనవి. 1891 జనవరిలో జర్మనీ ఓడల సంస్థ యధికారి ఆల్బర్ట్ బాలిన్, 'ఆగస్టా విక్టోరియా'ను మధ్యధరా విహారమునకు పంపుటకు కారణము, చలికాలమున అట్లాంటికు దాటువారు తగ్గి ఓడ ఊరక పడియుండుటయే. 1958లో జెట్ విమానములు అట్లాంటికును దాట మొదలిడిన పిమ్మట పెద్ద ఓడలకు విహారమే బ్రతుకుతెరువైనది. అమెరికాలో 1886 నాటి చట్టమొకటి నేటికిని అమలులో నున్నది. దాని ప్రకారము, విదేశపతాకముతో నడచు ఓడ అమెరికా రేవున ఎక్కించుకొన్నవారిని, నడుమ పరదేశపు రేవును తాకకుండ అమెరికా రేవులలోనే త్రిప్పి దింపరాదు. పెద్ద విహారనౌకలలో చాలవాటిపై ఎగురునది బహామాస్, పనామా వంటి దేశముల పతాకము. కావుననే సియాటిల్ నుండి అలాస్కా పోయివచ్చు ఓడ కెనడాలోని విక్టోరియాను తాకును. కాలిఫోర్నియానుండి హవాయి పోయివచ్చునది మెక్సికోలోని ఎన్సెనాడాను తాకును. ప్రయాణికుడు అదే రేవును అయిదవసారి చూచి నిట్టూర్చునప్పుడు, ఆ నిట్టూర్పులో ఒక శాసనసభకు గూడ పాలు కలదు. దీనికి తోడు వారపు చక్రము. శనివారమో ఆదివారమో ఉదయమున వేలమంది దిగుదురు. సాయంకాలమునకు మరల వేలమంది ఎక్కుదురు. వంటకములు, పాటలు, పరిహాసములు ఆ చక్రమునకు సరిపోవునట్లు కూర్చబడినవి. ఓడకు ప్రతి వారమును మొదటి వారమే. దాని లెక్కలో పాత ప్రయాణికుడు లేడు.

లేడనుట పూర్తిగా నిజము కాదు. పాతవారికి బిరుదులు కలవు. రాయల్ కరీబియన్ సంస్థ పద్ధతిలో సామాన్యముగా రాత్రి కొక పాయింటు చొప్పున కూడబెట్టి బంగారము, ప్లాటినము, మరకతము, వజ్రము అని మెట్లెక్కవలెను. 700 చేరినవారిది శిఖరస్థానము. విసుగునకు మందుగా క్రొత్త సంగతి నీయలేక హోదా నిచ్చుట రాజాస్థానములు గూడ ఎరిగిన ఉపాయమే.

1977 నుండి 1986 వరకు అమెరికా టెలివిజనులో నడచిన 'ది లవ్ బోట్' అను ధారావాహికను ఇచ్చట తలచుకొనవలెను. గొప్ప కళాఖండము కాదు. ప్రతి వారమును అదే ఓడ, అదే కెప్టెను, రెండు మూడు ప్రేమకథలు, చివర అందరును దిగిపోవుట. అయినను జనము అన్ని యేండ్లు చూచిరి. ఏలయనగా అందులో వారమునకొకసారి మారినవారు మనుష్యులు. నిజమైన ఓడ ప్రకటనలలో చూపునది జారుడుబండలను, భోజనశాలలను, దీపములను. తోడి ప్రయాణికుని గాదు. ట్వేన్ ఓడలో వినోదము లేదు, మనుష్యులున్నారు. వాలెస్ ఓడలో వినోదము కలదు, మనుష్యులు ఎవరి గదిలో వారున్నారు.

పునరావృత్తియే విసుగునకు మూలమనువారితో మేము ఏకీభవింపము. తంజావూరు సీమలోని మెలట్టూరులో ఏటేట నృసింహజయంతికి వేంకటరామశాస్త్రిగారి ప్రహ్లాదచరిత్రము తెలుగుననే భాగవతమేళముగా ఆడబడుచున్నది. కథ తెలియనివారు లేరు. స్తంభము పగులునని పసివానికిని తెలియును. విసుగు మాట వినబడదు. వేషము కట్టువారు ఆ కుటుంబములవారే. తండ్రి వేసిన వేషము కొడుకునకు వచ్చును. చూచువాడు రేపు ఆడువాడు. ఓడలోని ప్రయాణికునకు అట్టి వేషము లేదు. అతడు ఎంత పాతవాడైనను ఎల్లప్పుడును చూచువాడే. మన సంఘముల యుగాది యుత్సవములు ఈ రెంటిలో దేనివైపు జరుగుచున్నవో సభ్యులే యోచింతురు గాక. పులిహోర కలుపు చేతులు మనవిగా నుండిన కాలమున, అదే ప్రార్థనాగీతమునకు, అదే అధ్యక్షోపన్యాసమునకు ఆవులించినవారు గూడ ఇంటికి పోయి బాగున్నదనిరి. భోజనము కంట్రాక్టునకును, పాట పొరుగూరి బృందమునకును ఒప్పగించి మనము కుర్చీలలో కూర్చుండుట నేర్చిన పిమ్మటనే 'ప్రతి యేడును ఇంతే' యను మాట పుట్టినది.

ఇటీవలి కృతులలో రెండింటిని పేర్కొని ముగింతుము. లాన్స్ ఓపెన్‌హైమ్ 2018లో తీసిన 'ది హ్యాపియెస్ట్ గై ఇన్ ది వరల్డ్' అను లఘుచిత్రమున, దాదాపు ఇరువది యేండ్లుగా విహారనౌకలలోనే కాపురమున్న ఒక పెద్దమనిషి కలడు. డెక్కుపై బల్లయొద్ద కూర్చుండి ఉద్యోగము చేసికొనును. తనకంటె సుఖి లేడనును. చిత్రము అతనిని ఎగతాళి చేయక, ఆ మాటను నమ్ముటయో మానుటయో మనకే విడిచినది. పరిమాణమున చిన్నదైనను, పాత ప్రయాణికుని ముఖమును దగ్గరగా చూచుటలో అది వాలెస్ కంటె ఒక అడుగు ముందున్నది. 2024 జనవరిలో దాదాపు 2,50,000 టన్నుల 'ఐకన్ ఆఫ్ ది సీస్' మొదటిసారి విహారమునకు వెడలినప్పుడు, గేరీ ష్టైన్‌గార్ట్ అను నవలాకారుడు దానిపై బోయి అట్లాంటిక్ పత్రికకు వ్యాసము వ్రాసెను. చమత్కారమునకు లోపము లేదు. కాని వాలెస్ త్రొక్కిన బాటయే: ఒంటరి రచయిత, అతిగా తిను జనము, పెద్ద ఓడ, చిన్న మనస్సులు. ఓడలోని వినోదమువలెనే ఓడపై విమర్శయు ఇప్పుడు వారపు చక్రములో బడినది. పదవసారి యెక్కిన వితంతువు, వడ్డించువాడు తన పేరు మరచిపోలేదని సంతసించి, అదే సూపు ఎదుట బెట్టగా మొగము ముడుచుకొన్న క్షణమును ఆమెయే వ్రాయగా చదువవలెనని మా కోరిక.

ట్వేన్ మాట యొకటి మిగిలినది. 1867 నవంబరులో న్యూయార్కు చేరినంతనే అతడు తన తోడి యాత్రికులను చావుయింటి ఊరేగింపుతో పోల్చి పత్రికలో ఎగతాళి చేసెను. ఏడాది గడచిన పిమ్మట గ్రంథమునకు ముగింపు వ్రాయుచు, ఆ ఓడ మరల అదే యాత్రకు లంగరెత్తినచో, అదే కెప్టెనుతో, ఆ భక్తులతోను ఆ పాపులతోను గూడ, తాను సంతోషముగా ఎక్కుదునని చెప్పెను.