పేరు చాటున మనిషి

ధౌలా కువాన్ అనగా తెల్లని బావి. ఢిల్లీ నగరపు నైరుతి భాగమున గల ఈ ప్రాంతములో తెలుగువారి జాడలు రెండు ప్రముఖముగా కనిపిస్తాయి. ఒకటి, 1961లో తిరుమల తిరుపతి దేవస్థానమువారు స్థాపించిన శ్రీ వేంకటేశ్వర కళాశాల. రెండవది, 2018లో ప్రారంభమైన మెట్రో స్టేషనుకు పెట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ పేరు. ఆమె రాజమహేంద్రవరమున పుట్టిన ఆంధ్ర వనిత. అయినా ఇంటిపేరును మాత్రమే చూచినవానికి ఆమె మహారాష్ట్ర స్త్రీగా తోచుట సహజము. మనిషి నోరు విప్పకముందే పేరు అతని గూర్చి ఏదో చెప్పివేస్తుంది. వినేవాడు దానిని నమ్మివేస్తాడు.

ఇట్టి ముందస్తు నమ్మకానికి ఆంగ్లములో ఉన్న ‘స్టీరియోటైప్’ అను మాట అచ్చుపనివారిది. ఒకే అచ్చుపలకతో వేల ప్రతులు తీసినట్లు, ఒకే భావముతో వేలమందిని కొలిచే అలవాటుకు 1922లో వాల్టర్ లిప్మన్ ఈ మాటను వాడి ప్రచారములోకి తెచ్చాడు. తెలుగులో దీనిని మూసభావము అనవచ్చును.

ఢిల్లీలో దక్షిణాదివారిని పోత పోసిన మూస ‘మద్రాసీ’ అను మాట. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రము ఏర్పడువరకు కోస్తా, రాయలసీమ వాసులు మద్రాసు రాష్ట్రమువారే కనుక ఆ పేరుకు ఒకప్పుడు కొంత ఆధారమున్నది. ఆధారము పోయినా పేరు పోలేదు. నిజాము ఏలుబడిలో ఉండిన వరంగల్లువాడు సైతము ఇక్కడ మద్రాసీయే అయ్యాడు. అట్లు పిలువబడినవాడు మొదట దిద్దబోతాడు, తరువాత నవ్వి ఊరుకుంటాడు, చివరకు ముక్తసరిగా మాట్లాడుట నేర్చుకుంటాడు. అప్పుడు ఎదుటివాడు, ‘ఈ మద్రాసీలు కలుపుగోలు మనుషులు కారు’ అని నిశ్చయిస్తాడు. మూసభావము తనకు కావలసిన సాక్ష్యమును తానే పుట్టించుకొనే తీరు ఇది.

ఇది నవ్వులాటతో ఆగదు. 2014 జనవరిలో ఇదే నగరమున, లాజ్‌పత్ నగరులో, తన రూపమును ఎగతాళి చేసినవారితో జరిగిన ఘర్షణలో దెబ్బలు తిని అరుణాచల ప్రదేశ్ యువకుడొకడు మరణించాడు. అటుపిమ్మట ఈశాన్య ప్రాంతీయుల కష్టములను విచారించుటకు కేంద్రప్రభుత్వము బెజ్‌బరువా సంఘమును నియమించింది.

ఈ విషయమును మన సాహిత్యము ఏనాడో పరిశీలించింది. ‘కన్యాశుల్కము’ చివర మధురవాణి పురుషవేషమున సౌజన్యారావు పంతులు ఇంటికి వస్తుంది. వేశ్యల పొడ గిట్టని ఆ వకీలు ఆమెతో నిస్సంకోచముగా సంభాషిస్తాడు. లుబ్ధావధాన్లను కాపాడగల నిజము ఆమె వద్దనే ఉన్నది. స్త్రీవేషముతో వచ్చియుంటే ఆ సంభాషణయే లేదు. నిజము గడప దాటదు. పంతులు దుష్టుడు కాడు, సజ్జనుడు. సజ్జనుని చెవికి సైతము మూత ఉండుననుటే గురజాడ చూపు. రవీంద్రుని ‘గోరా’లో కథానాయకుడు ఇతరులను కొలిచిన కొలతబద్దతోనే తనను కొలుచుకొని, తన జన్మరహస్యము తెలిసిననాడు అది విరిగిపోగా విముక్తుడవుతాడు.

అనువాదకునికి ఇందులో ఒక ధర్మసంకటము కలదు. హిందీ కథలోని ‘మద్రాసీ’ని ‘దక్షిణాదివాడు’ అని మార్చిన వాక్యము మర్యాదగా ఉంటుంది, కాని పాత్ర చేసిన గాయము మాయమవుతుంది. ఆ మాటను ఉన్నదున్నట్లు ఉంచుటే న్యాయము. అయితే ఆ న్యాయము రెండువైపులా సాగవలెను. మద్రాసీ అన్నందుకు నొచ్చుకొనే తెలుగువాడే పొరుగువాని భాషను ‘అరవగోల’ అంటాడు. ఉత్తరాది వర్తకుడెవడు కనబడినా ‘సేటు’ అంటాడు. తెలుగు కథ హిందీలోకి వెళ్ళునప్పుడు ఈ మాటలనూ నునుపు చేయక దాటించవలెను. పరభాషలో తన గాయమును చూచుకొన్న పాఠకుడు, తాను చేసిన గాయమును కూడ అక్కడనే చూడగలగాలి.