గుండెల మీద పేపరు

డిసెంబరు వచ్చిందంటే నా కుడిచేతి మీద నాకే జాలి. ఎడమచేతికి అప్పుడప్పుడూ సెలవు దొరుకుతుంది, కాసేపు చంకలో దాచుకోవచ్చు. కుడిచేతికి ఆ భాగ్యం లేదు, యాక్సిలరేటరు వదిలితే బండి ఆగిపోతుంది. అందులోనూ ముందు కొంకర్లు పోయేవి బ్రేకు మీద ఆనించి ఉంచే చూపుడువేలూ మధ్యవేలూ.

నర్సీపట్నం నుంచి చింతపల్లికి రెండేళ్లు బండి మీదే ఉద్యోగానికి తిరిగాను. డౌనూరు దాటి ఘాట్ ఎక్కితే లంబసింగి, సుమారు 1,000 మీటర్ల ఎత్తు. ఆ ఊరికే కొర్రబయలని ఇంకో పేరు. రాత్రి ఆరుబయట ఉండిపోయినవాడు తెల్లారేసరికి కొయ్యలా బిగుసుకుపోతాడని ఆ పేరు వచ్చిందంటారు. ఆ పేరు పెట్టిన రోజుల్లో ఇంకా బైకులు లేవు. 10 డిగ్రీల చలిలో 60 స్పీడుతో వెళ్తే ఒంటికి తగిలేది 5 డిగ్రీల చలి!

మొదటి చలికాలం ఉన్ని గ్లౌజులు రెండు జతలు, ఒకదాని మీద ఒకటి వేశాను. గాలి అల్లికలోంచి దర్జాగా దూరింది. పొగమంచుకి ఉన్ని తడిసింది. పైగా బిగుతుకి వేళ్లలో రక్తమే ఆడలేదు. ఒక మలుపులో క్లచ్ నొక్కానో లేదో వేళ్లకే తెలియక బండి ఆగిపోయింది. వెనకాల బస్సువాడి హారను ఇప్పటికీ చెవుల్లో ఉంది.

తర్వాత సీటు కవర్లు కుట్టే ఆయన చేత హ్యాండిలుకి రెండు పక్కలా రెక్సిన్ తొడుగులు కుట్టించాను. వాటిలో చేతులు దూర్చి కూర్చుంటే గాలి బయటే. నాకు తెలిసి ఇంతకన్నా చవకైన మంచి ఉపాయం లేదు. కానీ మొదటిరోజు గాలి విసురుకి రెక్సిన్ వెనక్కి వాలి బ్రేకు లీవరుని నొక్కుతూ వచ్చింది. వెనక ఎర్రలైటు ఆరనే లేదు, ముందు చక్రం పట్టేస్తోంది. మర్నాడు ఆయనే లోపల ఇనప తీగని విల్లులా వంచి కుట్టి, తొడుగు లీవరుకి తగలకుండా చేశాడు.

అయినా వేళ్లు పూర్తిగా వెచ్చబడలేదు. అసలు సంగతి లంబసింగి టీకొట్టు దగ్గర మిరియాలు అమ్మే ముసలాయన చెప్పాడు. నా పల్చటి చొక్కా చూసి, “ఏటి బాబూ, చేతులకి రగ్గు కప్పీసి గుండెలు గాలికొదిలీసారేటి?” అన్నాడు. తన స్వెట్టరు ఎత్తి చూపించాడు. లోపల మడత పెట్టిన పేపరు. వైద్యం తెలిసినవాళ్లూ అదే అంటారు. ఛాతీ చల్లబడుతుంటే ఒళ్లు లోపలి అవయవాల్ని కాపాడుకోవడానికి వేళ్లకి వెళ్లే రక్తాన్ని తగ్గించేస్తుంది. ముందు పొట్టా ఛాతీ వెచ్చగా ఉంటేనే వేళ్ల వంతు వేళ్లకి అందుతుంది. ఆ రోజు నుంచి నాలుగు మడతల పేపరు, పైన గాలి చొరని జాకెట్టు. ఆదివారం అనుబంధాలు పనికిరావు, జారిపోతాయి.

మొద్దుబారిన చేతులు మాత్రం తిన్నగా మంట మీదో ఇంజను మీదో పెట్టకండి. స్పర్శ ఉండదు కాబట్టి కాలినా తెలియదు. నేనైతే బండి ఆపి చేతులు రెండూ జెయింట్ వీల్‌లా గిరగిరా తిప్పుతాను. ఆ విసురుకి రక్తం వేలికొసల దాకా వస్తుంది. వచ్చేటప్పుడు సూదులు గుచ్చినట్టు ఏడిపిస్తుంది కూడా. టూరిస్టులు ఫోన్లు తీసి వీడియోలు తీశారు, తీసుకోనీ.

ఒకరోజు టీకొట్టు దగ్గర జాకెట్టు విప్పితే పేపరు జారి కిందపడింది. కొట్టతను తీసి, మడతలు సాపు చేస్తూ వెతికాడు.

“చింతపల్లి పరిశోధన స్థానంవోళ్లు నిన్న చలి ఎంతని రాసారు సారూ?”

ఆ ముక్క ఉన్న చోటు చెమటకి తడిసి చెరిగిపోయింది.