మలుపులో కటకట

"అన్నా, నేరుగా పోతే ఏమీ లేదు. స్టీరింగు మొత్తం తిప్పితేనే కటకటమంటాంది."

అనంతపురం మెకానిక్ షెడ్లలో చిన్నకారు సొంతదారు నోట వినిపించే ఫిర్యాదుల్లో ఇదొకటి. ఇంజిన్ పోయిందేమోనని ఆయన భయం. చేయి తిరిగిన మెకానిక్ మాత్రం బానెట్ జోలికే పోడు. ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుని, స్టీరింగును ఒక పక్కకు పూర్తిగా తిప్పించి, చక్రం వెనక టార్చి వేస్తాడు. అక్కడ ముడతలు ముడతలుగా ఒక రబ్బరు తొడుగు ఉంటుంది. దాన్ని బూటు అంటారు. రిమ్ము లోపలి వైపు నల్లటి గ్రీజు చారలుగా చిమ్మి ఉందంటే సగం సంగతి తేలిపోయినట్టే. బూటు చిరిగింది, తిరిగే చక్రం వేగానికి గ్రీజు బయటికి పోయింది, దుమ్ము లోపలికి చేరింది, యాక్సిల్ చివరనున్న జాయింటు అరిగింది.

ఈ వరుసలో మొదట పాడయ్యేది అన్నిటికన్నా చవకైన సామాను. బూటు చిరిగిన వారంలోనే ఎవరైనా చూసి ఉంటే కొత్త బూటు, గ్రీజు, రెండు క్లిప్పులతో పోయేది. శబ్దం వచ్చేదాకా ఆగితే మిగిలేది యాక్సిల్ బేరమే.

యాక్సిల్ మార్చడం ఒక పూట పని. మార్చాలా వద్దా, మారిస్తే ఎంతవరకు మార్చాలి అని తేల్చడంలోనే మెకానిక్ పనితనమంతా ఉందని ఈ కాలమ్ అభిప్రాయం. ఆ తీర్పు అనంతపురంలో ఒకలా ఉంటుంది, కోనసీమలో మరోలా ఉంటుంది. కారణం నేల.

అనంతపురానికి ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు. దేశంలో అతి తక్కువ వాన పడే జిల్లాల్లో జైసల్మేరు తర్వాత దీని పేరే చెబుతారు. ఇక్కడి ఎర్రనేల గ్రానైటు, నైస్ రాళ్లు చివికి ఏర్పడింది. అందులో స్ఫటిక ఇసుక దండిగా ఉంటుంది. జిల్లాకు పడమటి కొసన, బొమ్మనహాళ్ మండలం దర్గాహొన్నూరు వైపు వెళితే హగరి ఏటి ఇసుక గాలికి ఎగిరొచ్చి చేలలో దిబ్బలు పోస్తుంది. గాలి కాలంలో ఆ దిబ్బలు జరుగుతాయి కూడా. ఆ దారిలో తిరిగే కారు కింది భాగాన్ని వేలితో తడిమితే చాలు, లోపల ఏమి జరుగుతుందో అర్థమవుతుంది. చిరిగిన బూటులోకి ఈ ఇసుక చేరి గ్రీజుతో కలిస్తే, వాల్వులు అరగదీయడానికి షెడ్డులో డబ్బాలో ఉంచుకునే గ్రైండింగ్ పేస్టు లాంటిదే తయారవుతుంది. ఒకదాన్ని మెకానిక్ కావాలని రాస్తాడు, రెండోది తనంతట తానే రాసుకుంటుంది.

ఎండ సంగతీ ఉంది. వేసవిలో 40 డిగ్రీలు దాటే చోట రబ్బరు ముడతల లోతుల్లో సన్నటి పగుళ్లు మొదలవుతాయి. పైకి చూస్తే బూటు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. ముడతను వేళ్లతో విప్పి చూసినప్పుడే పగులు బయటపడుతుంది. పొలం దారుల్లో టైరుకు చుట్టుకున్న కంప ముల్లు మిగతా పని పూర్తి చేస్తుంది.

జాయింటు ఎందుకంత సున్నితమో తెలియాలంటే అది చేసే పని తెలియాలి. ముందు చక్రాలే బండిని లాగే కార్లలో ఆ చక్రం మూడు పనులు ఒకేసారి చేయాలి: తిరగాలి, పక్కకు మళ్లాలి, గుంతల్లో పైకీ కిందికీ ఆడాలి. వెనక చక్రాలు తోసే అంబాసిడర్లో గేరుబాక్సు నుంచి వెనక్కి పోయే పొడవాటి షాఫ్టుకు క్రాసులు, అంటే యూనివర్సల్ జాయింట్లు, సరిపోయాయి. లారీల కింద ఇప్పటికీ కనిపించేవి అవే. క్రాసుకు ఒక గుణం ఉంది. వంగి తిరిగేటప్పుడు అది సమవేగంతో తిప్పలేదు. 30 డిగ్రీలు వంచితే ఒక్క చుట్టులోనే అవతలి షాఫ్టు రెండుసార్లు 15 శాతం దాకా వేగం పెంచుకుంటుంది, రెండుసార్లు 13 శాతం దాకా తగ్గించుకుంటుంది. రెండు కొసలా రెండు క్రాసులు సరైన వరుసలో పెడితే ఒకదాని తప్పును మరొకటి సరిదిద్దుతుంది. మలుపు తిరిగే ముందు చక్రం దగ్గర ఆ వెసులుబాటు లేదు. అక్కడ ఒక్క క్రాసే పెడితే స్టీరింగు చేతుల్లో గిలగిల్లాడుతుంది.

దీనికి విరుగుడు కనిపెట్టిన వారిలో ముఖ్యుడు ఆల్ఫ్రెడ్ జెప్పా. ఫోర్డు కంపెనీ ఇంజినీరు. 1920లలో ఆయన గీసిన జాయింటులో ఒక గిన్నె, దాని లోపల ఒక చిన్న గోళం, రెంటి మధ్య కాలువల్లో ఆరు ఉక్కు గుండ్లు, ఆ గుండ్లను సరైన తలంలో నిలిపే ఒక పంజరం ఉంటాయి. జాయింటు ఎంత వంగినా గుండ్లు ఆ వంపును సరిగ్గా సగానికి పంచే తలంలోనే నిలుస్తాయి. అందుకే ఇవతల ఎంత వేగమో అవతలా అంతే వేగం. ఆ ఏర్పాటు చిన్నకారులో చేరి లోకమంతా పాకడానికి 1959 దాకా పట్టింది. ఆ ఏడాది బ్రిటన్‌లో అలెక్ ఇసిగోనిస్ రూపొందించిన మినీ కారు అడ్డంగా అమర్చిన ఇంజిన్‌తో, ముందు చక్రాల లాగుడుతో, ఈ రకం జాయింట్లతోనే రోడ్డెక్కింది.

తెలుగునాట ఆ పని మెకానిక్ చేతికి రావడానికి మరో పాతికేళ్లు. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని మీద చేయి తిప్పినవారికి అది కొత్త బడి. వెనక షాఫ్టు లేదు, వెనక డిఫరెన్షియల్ లేదు, ముందు చక్రాల వెనక యాక్సిళ్లుగా రెండు పొట్టి కడ్డీలు, వాటిలో ఒకటి చిన్నది, మరొకటి పెద్దది. గేరుబాక్సు ఒక పక్కకు ఉండటంతో ఆ తేడా. చిత్రమేమంటే అదే కంపెనీ అదే ఇంజిన్‌తో 1984లో తెచ్చిన ఓమ్ని వ్యాను మళ్లీ వెనక చక్రాల బండే. ఒకే షెడ్డులో, ఒకే కంపెనీ పేరున్న రెండు బండ్లకు రెండు రకాల చదువు కావలసి వచ్చింది. మారుతి 800 తయారీ 2014 జనవరిలో ఆగింది, అంబాసిడర్‌ది అదే ఏడాది మేలో. అప్పటికి జెన్, సాంత్రో, ఇండికా, వ్యాగనార్, ఆల్టో, స్విఫ్ట్ అన్నీ ముందు చక్రాలతో లాగేవే అయిపోయాయి.

లెక్క చూస్తే ఆ కడ్డీల మీద జాలి కలుగుతుంది. మారుతి 800 టైరు 145/70 ఆర్12. చుట్టుకొలత ఒక మీటరు అరవై సెంటీమీటర్లకు కాస్త తక్కువ. అంటే కిలోమీటరుకు 600కు పైగా చుట్లు. అనంతపురం నుంచి బెంగళూరు రెండొందల కిలోమీటర్లు. అక్కడి ఆసుపత్రికి ఒకసారి పోయేసరికే లక్షా ఇరవై వేల చుట్లు, మళ్లీ వచ్చేటప్పుడు అన్నే. గ్రీజు నిలిచి ఉంటే లక్ష కిలోమీటర్లు దాటినా జాయింటు చెక్కుచెదరదు. బూటు పోతే కొన్ని వేల కిలోమీటర్లలోనే గొంతు మారుతుంది.

ఆ గొంతు గుర్తుపట్టడం చెవి పని. ఖాళీ స్థలంలో స్టీరింగు మొత్తం తిప్పి నెమ్మదిగా గుండ్రంగా నడిపితే, వేగంతో పాటు పెరిగే టకటక వినిపిస్తే అది చక్రం వైపున్న అవుటర్ జాయింటు. కుడికి తిరిగేటప్పుడు ఎక్కువైతే సాధారణంగా ఎడమ చక్రానిది, ఎడమకైతే కుడిది. నేరుగా పోతూ యాక్సిలరేటర్ తొక్కినప్పుడు బండి వణికితే గేరుబాక్సు వైపున్న ఇన్నర్ జాయింటును అనుమానించాలి. దాని కట్టుబడి వేరు. మూడు కొమ్మలు, మూడు రోలర్లు. చక్రం పైకీ కిందికీ ఆడేటప్పుడు కడ్డీకి కావలసిన పొడవును జారుతూ సర్దేది అదే. మలుపుతో పనిలేకుండా వేగంతో పాటు హోరుమంటే అది చాలావరకు చక్రం బేరింగు గోల, యాక్సిల్‌ది కాదు. ఈ తేడా తెలియక మంచి యాక్సిల్ పీకేసి, కొత్తది వేసి, అదే హోరుతో ఇంటికి పోయినవాళ్లు ఏ ఊళ్లో లేరు!

ఇక విప్పడం. చక్రం నేల మీద ఉండగానే హబ్ నట్టు వదులు చేయాలి. బండి పైకెత్తాక ఆ నట్టుతో కుస్తీ పడితే జాకీ కదులుతుంది. ఎత్తాక కింద స్టాండ్లు పెట్టాలి. జాకీ ఒక్కదాన్నే నమ్మి కిందికి దూరేవాళ్లు, రాయి ఒకటి అడ్డం పెట్టి సరిపెట్టేవాళ్లు ఇంకా ఉన్నారు. ఆ ధైర్యాన్ని మెచ్చుకోవలసిన పనేమీ లేదు. తర్వాత గేరు ఆయిల్ దించాలి. లేకపోతే యాక్సిల్ లాగగానే అదంతా నేలపాలు. కింది బాల్ జాయింటు విడదీసి, చక్రం మోసే నకిల్‌ను బయటికి లాగితే అవుటర్ కొస హబ్ నుంచి వస్తుంది. రానంటే సుత్తి తీసుకుంటారు. ఉక్కు సుత్తితో నేరుగా కొడితే కొసనున్న మరలు నలిగి, పాత యాక్సిల్ మళ్లీ ఎందుకూ పనికిరాదు. నట్టు కొన వరకు బిగించి మధ్యలో కొయ్య ముక్క పెట్టేవాడు పని నేర్చినవాడు. లోపలి కొసను కడ్డీ పట్టుకుని లాగకూడదు, మూడు కొమ్మలూ గిన్నెలోంచి ఊడిపోతాయి. గిన్నె వెనక లివరు పెట్టి ఒక్క కుదుపుతో లేపాలి. కొత్తది పెట్టేటప్పుడు ఆయిల్ సీలు పెదవి మీద యాక్సిల్ పళ్లు గీసుకోకుండా చూడటం, లోపలి కొసను పట్టి ఉంచే సర్క్లిప్పు టక్కుమని కూర్చుందో లేదో వెనక్కి లాగి చూడటం, హబ్ నట్టును ఊహతో కాక టార్క్ రెంచితో బిగించడం. చెప్పడానికి నిమిషం. ఆ సీలు దగ్గర తొందరపడితే పది రోజుల్లో గేరు ఆయిల్ చుక్కలు చుక్కలుగా పోతుంది, తప్పు కొత్త యాక్సిల్ మీద పడుతుంది.

అసలు బేరం ఎంతవరకు మార్చాలన్న దగ్గరే. పెద్ద ఊళ్లలో మొత్తం యాక్సిల్ మార్చేయడమే వాడుక. ఒక పూట పనితో పోతుంది, గ్యారంటీ ఉంటుంది. సెకండ్ హ్యాండు ఆల్టోకు యాక్సిల్ కోసం అంత డబ్బు పెట్టలేని చోట అవుటర్ జాయింటు ఒక్కటే, లేదా బూటు ఒక్కటే అడుగుతారు. మూడూ సరైనవే, సందర్భాన్ని బట్టి. శబ్దం మొదలు కాకముందే దొరికితే జాయింటు విప్పి, కిరోసిన్‌తో కడిగి, కాలువల్లో వేలిగోరు పెట్టి చూస్తే గుంత తగులుతుందో లేదో తెలుస్తుంది. నున్నగా ఉంటే మాలిబ్డినం గ్రీజు నింపి కొత్త బూటు వేయొచ్చు. గోరు ఆగితే ఆ జాయింటు మీద ఇక ఖర్చు దండగ. శబ్దం వస్తున్న జాయింటుకు కొత్త బూటు వేసి పంపడం మాత్రం మోసమనే అనాలి, అడిగింది సొంతదారే అయినా. అరిగిన ఉక్కును గ్రీజు తిరిగి పెంచదు.

ఎడ్లబండి ఇరుసుకు ఆముదంలో కాలిన గడ్డి మసి కలిపి కందెన వేసిన కాలంలో ఈ తీర్పు అవసరమే లేదు. ఇరుసు బయటికి కనిపించేది, ఎండితే కిర్రుమనేది, వెంటనే కందెన పూసేవారు. కారు ఇరుసుకు తొడుగు ఉంది. అదే దాన్ని కాపాడుతుంది, అదే కంటికి కనబడకుండా దాస్తుంది.

అనంతపురం నుంచి బెంగళూరు దారిలో పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారం ఉంది. 2019 ఆగస్టులో సెల్టోస్ అక్కడి నుంచే మార్కెట్లోకి వచ్చింది, డిసెంబరులో అధికారిక ప్రారంభం జరిగింది. 2022లో జిల్లాలు విడదీసినప్పుడు ఆ ఊరు శ్రీ సత్యసాయి జిల్లాలోకి పోయింది. కార్లు పుట్టే చోటికీ, పాత కార్లు బాగుపడే షెడ్లకూ మధ్య దూరం గంటన్నర కూడా లేదు. 2025లో ఆ కర్మాగారం క్యారెన్స్ క్లావిస్ విద్యుత్ కారు తెచ్చింది. విద్యుత్ కారు వస్తే క్లచ్ పని పోతుంది, ఇంజిన్ ఆయిల్ మార్పిడి పోతుంది. మోటారు నుంచి ముందు చక్రాలకు పోయే రెండు కడ్డీలు మాత్రం అలాగే ఉంటాయి, బూట్లూ ఉంటాయి. పైగా విద్యుత్ మోటారు కదిలిన మొదటి క్షణం నుంచే పూర్తి బలంతో లాగుతుంది. ఆ లాగుడంతా ఈ జాయింట్ల గుండానే పోవాలి. ఆయిల్ మార్చే పేరుతో ఇన్నాళ్లూ బండి కిందికి ఎవరో ఒకరు దూరి చూసేవారు. ఆ పని లేని కార్లకు టైర్లు మార్చే రోజే మిగిలింది. ఆ రోజున చక్రం ఊడదీసినప్పుడు, ముడతలు విప్పి ఒకసారి టార్చి వేయమని అడగాల్సింది సొంతదారే.