ఒక 'ఎ' ఎక్కువైతే

ఇప్పుడు ఏ ఇంగ్లీషు మీడియం బడిలోనైనా ఒకటో తరగతి హాజరు పట్టీ తీయండి. హాసిని, రిత్విక్, శ్రీయాన్ష్ పక్కనే మా అయాన్, అర్హాన్, ఇనాయా, జోయా కనిపిస్తారు. ఇంగ్లీషులో రాసేటప్పుడు ఒక 'ఎ' పక్కన ఇంకో 'ఎ', చివర ఒక 'హెచ్'. సంఖ్యాశాస్త్రం చెప్పిందని కలిపేవాళ్లు కొందరు, పక్కింటి పిల్ల పేరులా ఉండకూడదని కలిపేవాళ్లు కొందరు. సరదా అనుకుని వదిలేయొచ్చు. మేం వదలదల్చుకోలేదు. పేరు రాతతో ఆడుకునే ధీమా ఈ దేశంలో అందరికీ ఒకేలా లేదు.

మా తాతల పేర్లేమిటి? మస్తాన్, నాగూర్, దస్తగిరి, మౌలాలి, హుసేనమ్మ, పీరమ్మ. దర్గాల దగ్గరా పీర్ల చావిళ్ల దగ్గరా మొక్కుకుని పెట్టుకున్నవి. ఆ మొక్కు మా ఒక్కరిదే కాదు. కసుమూరు మస్తాన్‌వలీకి మొక్కుకున్న హిందువుల ఇంట్లో మస్తానయ్య పుట్టాడు. జాన్‌పహాడ్ సైదన్న పాత నల్లగొండ జిల్లాలో సైదులు, సైదమ్మ, చివరికి సైదిరెడ్డి కూడా అయ్యాడు. గూగూడు కుళ్లాయి స్వామి అనంతపురం వైపు ఎన్ని కులాల్లో కుళ్లాయప్పలకు పేరిచ్చాడో! కరవదిలో పుట్టి శ్రీరంగం దాకా నాదస్వరం వినిపించిన షేక్ చినమౌలానా పేరే తీసుకోండి. అరబ్బీ 'మౌలానా' ముందు తెలుగు 'చిన' దర్జాగా కూర్చుంది. ఏ వ్యాకరణ పండితుడూ అడ్డు చెప్పలేదు.

ఈ పేర్లు ఇప్పుడు రెండు వైపుల నుంచీ దెబ్బ తింటున్నాయి. ఇవి ఇస్లామీ పేర్లే కావని మత సంస్కర్తలు అఖీఖా నాడే తేల్చేస్తారు. పల్లెటూరి పేర్లని టీవీ చూసే మా మధ్యతరగతి సిగ్గుపడుతుంది. అవతల మస్తానయ్య మనవడు శ్రీయాన్ష్ అయ్యాడు, ఆ ఇంట్లోంచీ మస్తాన్‌వలీ వెళ్లిపోయాడు. వీటి వెనుక ఇంకో కారణం ఉంది, దాన్ని పైకి చెప్పరు. సమీర్, కబీర్, సారా లాంటి పేర్లు వినగానే ఎవరి పిల్లో తెలియదు. పేరు చెప్పగానే అద్దె ఇల్లు ఖాళీ లేకుండా పోవడం చూసిన తల్లిదండ్రులు అలాంటి పేరు వెతుక్కుంటే, దాన్ని ఫ్యాషన్ అనడానికి మాకు నోరు రాదు.

ఇక రాత సంగతి. మా పేర్ల స్పెల్లింగు మేం ఎన్నడూ రాసుకోలేదు. గుమాస్తాలు రాశారు. తెలుగులోనే షేక్, షేఖ్, శేక్. ఇంగ్లీషులో ఎన్ని రకాలో లెక్క లేదు. ఒకరికి 'ఎస్.కె.' అని రెండక్షరాలు, ఇంకొకరికి చివర 'హెచ్'. మహమ్మద్ 'ఎం.డి.'గా కుదించుకుపోయి పాస్‌పోర్టులో అదే అసలు పేరై కూర్చుంటుంది. జాల్, జే, జ్వాద్, జోయ్ అని ఉర్దూలో ఉన్న నాలుగక్షరాలూ తెలుగులో ఒక్క 'జ'లో దూరాలి. అక్కడి నుంచి ఇంగ్లీషులోకి పోయేటప్పుడు 'జెడ్' వేస్తాడో 'జె' వేస్తాడో ఆ పూట రాసేవాడి ఇష్టం. ఒక ఇంట్లో తండ్రి రేషన్ కార్డు ఒక తీరు, కూతురి పదో తరగతి సర్టిఫికెట్టు ఇంకో తీరు.

ఇది చాదస్తం కాదు. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో బీసీ-ఇ కింద నాలుగు శాతం రిజర్వేషన్ వచ్చినప్పుడు ఆ జాబితాలో షేక్ ఒక వర్గం. అప్పటి నుంచి ఆ మాట ఏ కాగితంలో ఎలా ఉందన్నది సీటుకూ ఫీజుకూ సంబంధించిన విషయమైంది. 2019 ఆగస్టు 31న అస్సాం పౌర జాబితా పంతొమ్మిది లక్షల మందిని బయట వదిలేసింది. తాత పేరులో ఒక అక్షరం తేడా ఎంత పని చేయగలదో అక్కడి పేదలు చూశారు. వదిలేసినవాళ్లలో హిందువులూ ఉన్నారు. కానీ ఆ డిసెంబరులో వచ్చిన పౌరసత్వ సవరణ చట్టం తెరిచిన తలుపు ముస్లింలకు మాత్రం కాదు. ఆ చలికాలం ఇక్కడ మా ఇళ్లలోనూ ట్రంకు పెట్టెలు తెరుచుకున్నాయి. ముసలివాళ్ల కాగితాలు పరిచి పిల్లలచేత అక్షరం అక్షరం చదివించారు.

శ్రీయాన్ష్‌కు ఒక 'ఎ' ఎక్కువైతే అదృష్టం, జోయాకు ఎక్కువైతే అఫిడవిట్. అయినా మా వాళ్లను కలపొద్దనం. కలిపేవాళ్లు పుట్టిన సర్టిఫికెట్టు నాడే కలపండి, ఆధార్‌లోనూ అదే రాయించండి. బడి గుమాస్తా గారూ, 'షేక్' అని కలం పెట్టే ముందు తండ్రిని ఒక్కమాట అడగండి, మీరెలా రాసుకుంటారని. ఇంట్లో ఇంకా పేరు పెట్టని పిల్ల ఉంటే, దాదీ హుసేనమ్మను కూడా ఒకసారి తలుచుకోండి.